ముసురులో గాలి మిషన్

భోజనం తర్వాత మొదటి పీరియడ్ సైన్సు. రఘుపతి సార్ బోర్డు మీద సూర్యుణ్ని గీశాడు. సూర్యుడి కింద ఒక సోలార్ పలక గీశాడు. దాని పక్కన మూడు రెక్కల గాలిమర గీశాడు.

"మీల ఎవరింట్లనన్న సోలార్ ఉన్నదా?" అని అడిగాడు.

ఏడో తరగతిలో ప్రణీత ఒక్కతే చెయ్యి ఎత్తింది.

"లేచి చెప్పు."

ప్రణీత లేచింది. "మా చేపల కుంట కాడ పలకలు ఉన్నయ్ సార్. కుంట దాకా కరెంటు స్తంభాలు రాలేదు. అందుకే పెట్టించినం. పగలు బ్యాటరీలు నిండుతయ్. రాత్రి ఆ కరెంటుతోని గాలి మిషన్ తిరుగుతది."

"గాలి మిషన్ అంటే ఏంది?" వెనక నుంచి ప్రవీణ్ అడిగాడు.

"నీళ్లను చిలుకుతది. నీళ్లల్ల గాలి కలుస్తది. గాలి లేకుంటే చేపలకు ఊపిరాడది."

"నెలకు బిల్లు ఎంత వస్తది?"

"సూర్యుడు బిల్లు పంపుతడా?" అంది ప్రణీత. తరగతి నవ్వింది. సార్ కూడా నవ్వాడు.

ముందు బెంచీలో ఉన్న ఆతిఫ్ చెయ్యి ఎత్తాడు. "సార్, మరి మబ్బు పడితే?"

"అడగవలసిందే అడిగినవ్. మబ్బు పడితే పలక ఇచ్చేది తగ్గుతది. ముసురు పడితే ఇంకా తగ్గుతది. గాలిమర ఉన్న చోట గాలితోని నడిపించుకోవచ్చు. ఆ గాలి కూడా వీయకుంటే..."

"మాకు బ్యాటరీలు ఉన్నయ్ సార్," అంది ప్రణీత. సార్ మాట పూర్తి కానివ్వలేదు. "మబ్బు పడ్డా ఫికర్ లేదు. మీ నాయిన ఇంజిన్ లెక్క పొగ రాదు, చప్పుడు రాదు, ఆతిఫ్."

తరగతి మళ్లీ నవ్వింది. ఆతిఫ్ నాన్న మెహమూద్ దగ్గరున్న డీజిల్ నీళ్ల ఇంజిన్ సంగతి అందరికీ తెలుసు. అది మొదలైతే సగం ఊరికి వినిపిస్తుంది. ఆతిఫ్ పుస్తకం తెరిచి తల వంచుకున్నాడు.

"బ్యాటరీ కొత్తగా ఏమీ పుట్టించదు. దాచిపెట్టింది ఇస్తది, అంతే," అని సార్ అంటుండగా గంట కొట్టారు. పిల్లలు అప్పటికే లేచి నిలబడ్డారు.

* * *

ప్రణీత వాళ్ల ఇల్లు కోస్గి టౌనుకు అవతల, గుట్ట కింద ఉంది. అక్కడ ఐదే ఇళ్లు. ఊరు ఇంకా కిలోమీటరు దూరం. ఇళ్లకు కరెంటు ఉంది. పొలం దాకా లేదు.

ప్రణీత నాన్న నాగరాజు ఆరేళ్లు పుణెలో పని చేశాడు. కట్టే ఇళ్లకు కాంక్రీటు మోశాడు. దసరాకు వచ్చేవాడు, పండుగ అయ్యాక పోయేవాడు. పోయిన ఎండాకాలం పొలంలో కుంట తవ్వించాడు. పలకలు పెట్టించాడు. బొచ్చె, రవ్వ చేపపిల్లల్ని తెచ్చి వదిలాడు. ఈ ఏడు పుణె పోలేదు.

చేపలు ఇప్పుడు కిలో దాటాయి. దసరా తర్వాత వల వెయ్యాలి. చేపలు బాగా వస్తే నాన్న ఇక్కడే ఉంటాడు. రాకపోతే మళ్లీ పుణె. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఆ సాయంత్రం ప్రణీత ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాన్ని ట్రాక్టర్‌లో వేసుకుని పోయారు. బాగుచేసి తేవడానికి నాలుగైదు రోజులు పడుతుందని లైన్‌మన్ చెప్పాడట.

ఇళ్లకూ కుంటకూ మధ్య వేపచెట్టు కింద పిల్లల వినాయక మండపం ఉంది. కర్రలు పాతి, చుట్టూ చీరలు కట్టారు. మట్టి వినాయకుణ్ని కూర్చోబెట్టి రెండు రోజులైంది. ఇంకా మూడు రోజులు ఉంచాలి. దీప్తి, ప్రవీణ్ మండపం ముందు కూర్చుని ఉన్నారు.

"చీకట్ల ఏం భజన చేస్తం?" అంది దీప్తి.

"గుడ్డి దీపంల దేవుడు కూడ కనిపియ్యడు," అన్నాడు ప్రవీణ్. తర్వాత ప్రణీత వైపు తిరిగాడు. "మీ సూర్యుడు ఉన్నడు గదా. బిల్లు లేదంటివి."

ప్రణీత నాన్నను అడిగింది. ఆయన కోస్గికి బయలుదేరుతున్నాడు. ఆ వారం సాయంత్రాలు మార్కెట్‌లో లారీలకు బస్తాలు ఎత్తే పనికి పోతున్నాడు.

నాగరాజు కాసేపు ఆలోచించాడు. కూతుర్ని కుంట దగ్గరి రేకుల కొట్టంలోకి తీసుకుపోయాడు. గోడకు ఒక పెట్టె ఉంది. పెట్టె మీద చిన్న లైటు ఆకుపచ్చగా వెలుగుతోంది.

"ఇది గ్రీన్ ఉంటే బ్యాటరీ నిండినట్టు. పసుపు వస్తే తగ్గినట్టు. ఎర్ర వస్తే అయిపోయినట్టు. ఎర్ర దాటి దిగితే పెట్టెనే కరెంటు బంద్ చేస్తది. బ్యాటరీ ఖరాబ్ కావొద్దని గట్ల పెట్టిండ్రు. ఎరుకనే గదా?"

"ఎరుకనే నాయినా."

"ఒక్క బల్బు పెట్టుకోండి. హారతి అయ్యేదాకనే. గ్రీన్ ఉంటేనే. పసుపు కనవడితే వైరు పీకెయ్యాలె, నాకు చెప్పాలె. తెల్లారేముందు నీళ్లల్ల గాలి తక్కువ ఉంటది. అప్పుడు మిషన్ తిరగాలె. మన ఇంట్ల చీకటున్నా మనం బతుకుతం. అవి బతకవు."

"చెప్త నాయినా."

"రోజూ వచ్చినంక నిన్నే అడుగుత."

* * *

మొదటి సాయంత్రం ఒక బల్బుతో మొదలైంది. హారతి కాగానే ప్రవీణ్ ఇంటికి పోయి రంగు లైట్ల దండలు తెచ్చాడు. అవి వాళ్ల ఇంట్లో పెళ్లికి కొన్నవి. దీప్తి వాళ్ల అన్న పాటల డబ్బా తెచ్చాడు.

"ఒక్క పాట," అన్నాడు ప్రవీణ్.

ఒక పాట ఏడు పాటలైంది. చుట్టుపక్కల అంతా చీకటి. ఊరు చీకటి. గుట్ట చీకటి. వేపచెట్టు కింద మాత్రం లైట్లు ఎరుపు, నీలం, ఎరుపు, నీలం అవుతున్నాయి. ఆతిఫ్ కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ప్రణీత అవ్వ భద్రమ్మ ప్రసాదం పంచింది.

"మీ నాయిన ఇన్ని లైట్లు పెట్టుమన్నడా?" అని అవ్వ అడిగింది.

"పొద్దుగాల ఎండ వస్తే మళ్ల నిండుతది అవ్వా."

నాన్న వచ్చేసరికి దండలు తీసేశారు. ప్రణీత కొట్టంలో చూసి వచ్చింది. లైటు ఆకుపచ్చే ఉంది.

మరుసటి రోజు ఎండ కాసింది. మధ్యాహ్నానికల్లా బ్యాటరీ నిండింది. చేపలకు ఏమీ కాలేదు.

"చూసినవా?" అంది ప్రణీత, బడిలో ఆతిఫ్‌తో. "నిన్న అన్ని లైట్లు పెట్టినం. ఇయ్యాల మళ్ల నిండింది."

"నిన్న మబ్బు లేకుండె," అన్నాడు ఆతిఫ్.

మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. సాయంత్రం సన్నగా చినుకులు మొదలయ్యాయి. చీకటి పడేసరికి ఊరి నుంచి పిల్లలు వచ్చారు, వాళ్లతో పెద్దవాళ్లూ వచ్చారు. ఊళ్లోని పెద్ద మండపంలో లైట్లు లేవు. అందరూ గుట్ట కింది మండపం చూడడానికి వచ్చారు.

"ఇదేనా ఆ సోలార్ పిల్ల?" అని ఒకామె అడిగింది. ప్రణీత వినీ విననట్టు నిలబడింది. తర్వాత తనే మండపం వెనక్కి పోయి రెండో దండ కూడా తగిలించింది.

ఆ సాయంత్రం పాటలు ఎక్కువసేపు నడిచాయి. చివరికి ప్రణీత కొట్టంలోకి పోయి చూసింది. లైటు పసుపు రంగులో ఉంది.

ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. పసుపే.

పసుపు అని చెబితే రేపు బల్బు కూడా ఉండదు. రేపు దీప్తి డాన్సు ఉంది. ఊరి పిల్లలందరికీ రమ్మని చెప్పారు. పొద్దున ఎండ వస్తే ఎలాగూ నిండుతుంది. నిన్న నిండింది కదా అనుకుంది.

నాన్న తడిసి వచ్చాడు. తల తుడుచుకుంటూ అడిగాడు. "రంగేముంది బిడ్డా?"

"గ్రీన్," అంది ప్రణీత.

* * *

మరుసటి రోజు ఎండ రాలేదు. తెల్లవారినప్పటి నుంచి ముసురు. గుట్ట కనిపించలేదు. వేపచెట్టు ఆకు కదల్లేదు. పలకల మీద నీటి చుక్కలు నిలబడ్డాయి.

ఆదివారం కాబట్టి బడి లేదు. ప్రణీత పొద్దున చూసింది, పసుపు. అన్నం తిన్నాక చూసింది, పసుపు. పలకలు తుడిస్తే మంచిదేమో అనిపించింది. అమ్మ పాత చీర ముక్క తెచ్చి పలకలు తుడిచింది. తుడిచిన చోట మళ్లీ చుక్కలు పడ్డాయి. లైటు మారలేదు.

"ఇయ్యాల దండలు వద్దు," అంది ప్రవీణ్‌తో.

"గట్లంటే ఎట్ల? అందరొస్తాండ్రు. దీప్తి పొద్దటి నుంచి జడ వేసుకుని కూసున్నది."

"బ్యాటరీ తక్కువుంది."

"మబ్బు పడ్డా ఫికర్ లేదని సార్‌తోని ఎవరన్నరు?"

ప్రణీత వైరు చేతిలోకి తీసుకుంది. "ఒక్క డాన్సు అయ్యేదాకనే," అంది.

ఆదివారం కాబట్టి నాగరాజు పొద్దున్నే మార్కెట్‌కు పోయాడు, కానీ ముసురు వల్ల పని సరిగా లేదు. రోజూకంటే ముందే, చీకటి పడిన కాసేపటికే తిరిగి వచ్చాడు. అప్పటికి దీప్తి డాన్సు అయిపోయింది. ప్రవీణ్ దండలు చుట్టి పక్కన పెట్టాడు. ఒక్క బల్బు వెలుగుతోంది. ప్రణీత పరుగెత్తి కొట్టంలోకి పోయి చూసింది. లైటు ఎర్రగా ఉంది. బల్బు వైరు పీకేసి ఇంటికి వచ్చింది.

ఇంటి ముందు బండి ఆగి ఉంది. మెహమూద్, వెనక ఆతిఫ్. ఇద్దరూ తడిసి ఉన్నారు.

"నాగరాజు భాయ్," అంటున్నాడు మెహమూద్, "పొద్దంత ముసురే. ఇంజిన్ తెచ్చి కుంట కాడ పెట్టనా? నాకు రెండు రోజులు దాంతోని పని లేదు."

"నాకూ అదే ఫికర్ ఉంది భాయ్," అన్నాడు నాగరాజు. ప్రణీతను చూసి పిలిచాడు. "బిడ్డా, రంగేముంది?"

ప్రణీత గడపలో ఆగింది. ఆతిఫ్ ఆమెనే చూస్తున్నాడు. పొగ రాదు, చప్పుడు రాదు అని ఆమె వాళ్ల ఇంజిన్‌ను అందరి ముందూ అంది. ఇప్పుడు ఆ ఇంజినే కావాలని చెప్పాలి. దండల సంగతి చెప్పాలి. నిన్న చెప్పిన అబద్ధం కూడా చెప్పాలి.

"గ్రీన్," అంది.

"ముసురుల గ్రీన్ ఎట్లుంటది?"

"ఇక్కడ మధ్యాహ్నం జర తెరిపిచ్చింది నాయినా. ఎండ వచ్చింది."

నాగరాజు కూతురి ముఖం చూశాడు. తర్వాత మెహమూద్ వైపు తిరిగాడు. "వద్దు భాయ్. గ్రీన్ ఉన్నదంటాంది. వానల ఇంజిన్ మోసుకొచ్చుడు ఎందుకు నీకు?"

"మళ్లొకసారి సోంచాయించుకో భాయ్. అవసరమైతే ఫోన్ కొట్టు."

"బిడ్డ రోజూ చూస్తనే ఉన్నది."

మెహమూద్ బండి తిప్పాడు. ప్రణీత లోపలికి పోయింది. అమ్మ రూప కంచంలో అన్నం పెట్టింది. ప్రణీత రెండు ముద్దలు తిని లేచింది.

"ఒంట్ల మంచిగ లేదా?" అని అమ్మ అడిగింది.

"ఆకలైతలేదు."

చెప్పడానికి ఇంకా సమయం ఉంది. నాన్న బయట మంచం మీద కూర్చుని ఉన్నాడు. ప్రణీత రెండుసార్లు తలుపు దాకా పోయి వచ్చింది. మూడోసారి పోయేసరికి ఆయన నిద్రపోయాడు.

* * *

తెల్లవారుతుండగా నాన్న కేక వినిపించింది. ప్రణీత లేచి కుంట దగ్గరికి పరుగెత్తింది.

మిషన్ తిరగడం లేదు. కుంట నిండా చేపలు పైకి వచ్చాయి. నోళ్లు నీళ్ల మీద పెట్టి తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. నీళ్లు ఉడుకుతున్నట్టు చప్పుడు. ఒడ్డు పక్కన కొన్ని అప్పటికే వెల్లకిలా తేలాయి.

నాగరాజు నడుము లోతు నీళ్లలో ఉన్నాడు. వెదురు కర్రతో నీళ్లను కొడుతున్నాడు. "కొట్టుండ్రి! నీళ్లు కొట్టుండ్రి!" అని అరుస్తున్నాడు. అమ్మ బకెట్‌తో నీళ్లు తోడి పైనుంచి పోస్తోంది. ప్రణీత నీళ్లలోకి దిగింది. చేతులతో కొట్టింది. ఒక చేప ఆమె మోకాలికి తగిలి పక్కకు ఒరిగింది. ఆమె దాన్ని పట్టుకుని నిలబెట్టింది. వదలగానే మళ్లీ ఒరిగింది.

అవ్వ అప్పటికే మెహమూద్‌కు ఫోన్ చేసింది. చలక పొలాల మీదుగా ట్రాలీలో ఇంజిన్ వచ్చింది. మెహమూద్, ఆతిఫ్ ట్రాలీని నెట్టుకుంటూ ఒడ్డుకు తెచ్చారు. పైపు నీళ్లలో వేశారు. ఇంజిన్ మొదలైంది. పొగ వచ్చింది. నీళ్లు పైకి లేచి మళ్లీ కుంటలో పడ్డాయి.

నీళ్లు పడే చోటికి చేపలు చేరాయి. కదలగలిగినవి చేరాయి. మిగతావి ఉన్న చోటే ఉండిపోయాయి.

తెల్లగా వెలుతురు వచ్చేసరికి కుంట సగం తెల్లబడింది. మూడొంతుల్లో రెండొంతులు పోయాయి.

నాగరాజు ఒడ్డుకు వచ్చాడు. కొట్టంలోకి పోయాడు. ప్రణీత వెనకాలే పోయి తలుపు దగ్గర నిలబడింది. పెట్టె మీద ఏ రంగూ లేదు. లైటు ఆరిపోయి ఉంది. పక్కన నేల మీద మండపానికి పోయే వైరు ఉంది. ప్లగ్గుకు మూడు వైర్లు కట్టి ఉన్నాయి.

ఆయన ఆ ముడి చేత్తో పట్టుకుని చూశాడు.

"రాత్రి రంగేముండె?"

"ఎర్ర," అంది ప్రణీత.

"మొన్న?"

"పసుపు."

ఆయన కొడతాడేమో అనుకుంది. కొట్టలేదు. వైరు కింద పెట్టాడు. "పోయి బట్టలు మార్చుకో. సలి పెడతది," అన్నాడు.

* * *

చచ్చిన చేపలను ఎవరూ కొనరు. వాటిని పాతిపెట్టాలి. మొక్కజొన్న చేను అంచున గుంత తవ్వారు. తట్టలతో మోశారు. ప్రణీత బడికి పోలేదు. ఆతిఫ్ కూడా పోలేదు. ఇద్దరూ ఒకే తట్టను చెరో పక్క పట్టుకుని మోశారు.

అతను ఇంజిన్ మాట ఎత్తుతాడని ప్రణీత ఎదురుచూసింది. అతను ఎత్తలేదు. చివరికి ఆమే అంది. "అంటే అను."

"ఏమనాలె?"

"మబ్బు పడితే ఏందని నువ్వు అడిగినవ్ గదా."

ఆతిఫ్ తట్ట దించాడు. "నేను గూడ ఆ లైట్ల కిందనే కూసున్న. రెండు రోజులు ముందు వరుసలనే కూసున్న." తట్ట అంచు పట్టుకుని మళ్లీ అన్నాడు. "నువ్వు గ్రీన్ అన్నప్పుడు నేను నమ్మలేదు. కానీ చెప్పలేదు."

ఇద్దరూ తట్ట ఎత్తారు.

గుంత పూడ్చాక అవ్వ గట్టు మీద కూలబడింది. "ఎండను నమ్ముకుని కుంట తవ్విండు. ఆ పలకలు తీసి అవతల పారెయ్యి కొడుకా," అంది.

"దాని తప్పేంది అమ్మా," అన్నాడు నాగరాజు. "ఎండ ఉంటే ఇస్తది. లేకుంటే ఇయ్యదు. మబ్బు నాడు నీళ్లల్ల గాలి తక్కువ, బ్యాటరీ తక్కువ. రెండూ ఒక్కనాడే వస్తయ్. గది నాకెరుక. ఎరుక ఉండి నేను పోయి చూడలేదు."

ఆయన ప్రణీత వైపు చూడలేదు. ఆమె పేరు కూడా ఎత్తలేదు.

ఆ రోజే వినాయకుణ్ని ఎత్తారు. లైట్లు లేవు, పాటలు లేవు. ప్రవీణ్ మండపం చీరలు మడతపెట్టి ఎవరివి వాళ్ల ఇళ్లలో ఇచ్చాడు. దీప్తి ఏడ్చింది. ప్రణీతకు ఏడుపు రాలేదు.

మూడో రోజు ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఇళ్లలో బల్బులు వెలిగాయి. ఆ సాయంత్రం నాన్న ఇంటికి రాగానే ప్రణీత లేచి నిలబడింది. ఆయన ఆమెను దాటి వంటింటి వైపు పోయాడు.

"రూపా, రంగేముంది?" అని అమ్మను అడిగాడు.

* * *

దసరాకు ముందే నాగరాజు పుణె బయలుదేరాడు. మిగిలిన చేపలు తక్కువ కాబట్టి, ఇప్పుడు వల వెయ్యకుండా ఇంకా కొన్ని నెలలు పెంచుదామనుకున్నారు. వాటి మీద ఇల్లు నడవదు.

పోయే ముందు రోజు భార్యను కుంట దగ్గరికి తీసుకుపోయి అన్నీ చూపించాడు. మిషన్‌కు గ్రీజు ఎక్కడ పెట్టాలో, మేత ఎంత వెయ్యాలో చెప్పాడు. ప్రణీత కొట్టం బయట నిలబడి వింది.

బస్సు దగ్గర ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. "అమ్మకు ఆసరగ ఉండు," అన్నాడు. బస్సు ఎక్కాడు. కిటికీ పక్కన సీటు దొరకలేదు. బస్సు కదిలాక ఆయన కనిపించలేదు.

రోజూ సాయంత్రం పని దిగాక ఫోన్ చేసేవాడు. అమ్మతో మాట్లాడేవాడు. రంగేముందని అడిగేవాడు. గ్రీన్ ఉందని అమ్మ చెప్పేది. చాలా రోజులు నిజంగానే గ్రీన్ ఉంది. ఎండలు బాగా కాశాయి. పలకలు రోజూ మధ్యాహ్నానికే బ్యాటరీలు నింపాయి. తెల్లవారకముందు మిషన్ తిరిగింది. ఒక్క చేప పైకి రాలేదు.

తనను ఎవరూ అడగకపోయినా, బడికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ప్రణీత కొట్టంలోకి పోయి చూసేది.

దసరా అయిన వారానికి వాయుగుండం అని టీవీలో చెప్పారు. రెండు రోజులు ముసురు పట్టింది. రెండో రోజు సాయంత్రం ప్రణీత బడి నుంచి నేరుగా కొట్టంలోకి పోయింది. లైటు పసుపు రంగులో ఉంది. కుంట ఒడ్డుకు పోయి చూసింది. మూలన రెండు బొచ్చెలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి.

ఆమె సంచి కొట్టంలో వదిలి, చలకల మీదుగా మెహమూద్ ఇంటికి పోయింది. ఆతిఫ్ తల్లి అజీజా బేగం తలుపు తీసింది.

"గిట్ల తడిసినవేంది బిడ్డా?"

"చాచా ఉన్నడా? మా బ్యాటరీ పసుపుకొచ్చింది. చేపలు పైకొస్తానయ్. ఇంజిన్ కావాలె."

మెహమూద్ అన్నం ముందు కూర్చున్నవాడు లేచాడు. "మీ అమ్మ పంపిందా?"

"అమ్మకింకా చెప్పలేదు. మీకే ముందు చెప్తున్న."

ఇంజిన్ ట్రాలీ కుంట దగ్గరికి చేరేసరికి పొద్దు గుంకింది. ప్రణీత ఇంటికి వచ్చి చెప్పబోయింది. అప్పటికే అమ్మ ఫోన్‌లో మాట్లాడుతోంది.

"ఆ... అంత మంచిగనే ఉన్నది. నువ్వు తిన్నవా?... వాననా? జర పడ్డది... గ్రీనే ఉన్నది. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

అమ్మ ఆ రోజు కొట్టంలోకి పోలేదు. పత్తి చేనులో కూలికి పోయి అప్పుడే వచ్చింది. చీర అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"పసుపుంది అమ్మా," అంది ప్రణీత.

అమ్మ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లగ. అంత దూరంల ఉన్నోడు ఏం చేస్తడు? రాత్రంత నిద్ర పోడు. పొద్దుగాల పనికి పోవాలె."

"నాకియ్యి అమ్మా."

అమ్మ ఇవ్వలేదు. ప్రణీత చెయ్యి చాపి అలాగే నిలబడింది. ఫోన్‌లోంచి "హలో, హలో" అని వినిపిస్తోంది. కాసేపటికి అమ్మ ఫోన్ ఆమె చేతిలో పెట్టింది.

"నాయినా, నేను. పసుపుంది. రెండు రోజుల నుంచి ఎండ లేదు. రెండు బొచ్చెలు పైకొచ్చినయ్."

 అవతల నాన్న వెనకాల లారీ హారన్ వినిపించింది.

"ఎవరు చూసిండ్రు?" అని అడిగాడు నాగరాజు.

"నేనే చూసిన. ఇప్పుడే చూసొచ్చిన."

"పసుపేనా, ఎర్రనా?"

"పసుపే. ఎర్ర కాలేదు. మెహమూద్ చాచాకు నేనే పోయి చెప్పిన. ఇంజిన్ తెచ్చిండు. పైపు వేస్తుండు."

 

"ఇయ్యాల మేత వెయ్యకు," అన్నాడు నాగరాజు. "మేత తింటే వాటికి గాలి ఇంకింత కావాలె. బకెట్‌ల పోసి ఉంటే మళ్ల సంచిల పొయ్యి. మిషన్ అర్ధరాత్రి దాటినంకనే తిరగనియ్యి, ఇప్పుడు బ్యాటరీ ముట్టకు. తెల్లారేదాకా ఇంజిన్ నడవనియ్యమను."

"సరే నాయినా."

"అమ్మను తిట్టకు."

"తిట్టలేదు నాయినా."

కుంట వైపు నుంచి ఇంజిన్ ఒకసారి దగ్గి ఆగింది. మళ్లీ దగ్గింది. తర్వాత చప్పుడు నిలకడగా మొదలైంది.

"అదేనా?" అన్నాడు నాగరాజు.

"అదే."

"ఫోన్ జర అటు దిక్కు పెట్టు బిడ్డా."

ప్రణీత దండెం మీది పాత చీర ముక్క తీసుకుని చూరు కిందికి వచ్చింది. అక్కడి నుంచి చప్పుడు సరిగా అందదేమో అనిపించింది. ముసురులోకి నడిచి, కుంట గట్టు ఎక్కి, ఫోన్‌ను అమ్మ చీర ముక్క కింద పట్టుకుని చెయ్యి చాపింది. చెయ్యి నొప్పి పెట్టింది. అవతల నాన్న ఏమీ మాట్లాడడం లేదు, ఫోన్ పెట్టేయడమూ లేదు. ఆమె చెయ్యి దించలేదు.